డీమార్ట్ ధర, కిరాణా గడువు: ఖటోదరా చెప్పే లెక్క

సూరత్ వస్త్ర వ్యాపారంలో ధర ఎన్నడూ ఒంటరి అంకె కాదు. దాని వెనుక గడువు ఉంటుంది. అక్కడికక్కడే సొమ్ము లెక్కపెట్టి ఇచ్చేవాడికి ఒక ధర, రెండు మూడు నెలల తరువాత చెల్లిస్తానన్నవాడికి మరొక ధర. రింగ్ రోడ్డు వెంట బారులు తీరిన వస్త్ర మార్కెట్లలో తరతరాలుగా సాగుతున్న ఈ పద్ధతిని కేంద్రం ఒకే ఒక్క నిబంధనతో కుదిపివేసింది. సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరుకు తీసుకున్నవారు గరిష్ఠంగా 45 రోజుల్లో సొమ్ము చెల్లించాలి. గడువు దాటితే, చెల్లించేదాకా ఆ ఖర్చును తమ ఆదాయం నుంచి మినహాయించుకోవడానికి వీలు లేదు. ఆదాయపు పన్ను చట్టంలోని 43బి సెక్షన్‌కు చేర్చిన ఈ క్లాజు 2024 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. ఆ ఏడాది తొలి నెలల్లో సూరత్ మార్కెట్లు గగ్గోలు పెట్టాయి. కొన్న సరుకు వెనక్కి వచ్చింది, ఇచ్చిన ఆర్డర్లు రద్దయ్యాయి. గడువు తగ్గితే ధర ఏమవుతుందన్న చర్చ ప్రతి గద్దె మీదా సాగింది.

చీరల విషయంలో సూరత్‌కు పసితనం నుంచీ తెలిసిన ఈ సంగతిని, పప్పు ఉప్పుల విషయానికి వచ్చేసరికి దేశమంతా మరచిపోతున్నది. పెద్ద తగ్గింపు ధరల దుకాణంలో కిలో కందిపప్పు ఇంత, వీధి చివరి కొట్టులో ఇంత అని రెండు అంకెలను పక్కపక్కన పెట్టి, రెండోదాన్ని దోపిడీ అనో, మొదటిదాన్ని చిన్న వ్యాపారుల పాలిట మృత్యువు అనో తీర్పు చెప్పడం అలవాటైపోయింది. ఆ రెండు అంకెలు ఒకే వస్తువు ధరలు కావు. ఒకటి ఈ రోజు చెల్లించే సొమ్ముకు, నెలకు సరిపడా ఒకేసారి కొనే సరుకుకు పలికే ధర. రెండోది పావుకిలో పొట్లానికి, జీతం వచ్చాక తీర్చే బాకీకి పలికే ధర.

ఈ తేడాను కళ్లకు కట్టే చోటు ఖటోదరా. సూరత్ రింగ్ రోడ్డుకు, ఉధ్నాకు నడుమ ఉన్న ఈ పాత పారిశ్రామిక వాడ చిన్న కర్మాగారాలకు, పనివారి ఇళ్లకు నెలవు. నగరంలో తెలుగువారు అధికంగా స్థిరపడిన ఉధ్నా, లింబాయత్ ప్రాంతాలు ఇక్కడికి దగ్గరే. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గం పనిని వెంటబెట్టుకుని వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు భీవండి, షోలాపూర్‌లలో మాదిరిగానే సూరత్‌లోనూ వేళ్లూనుకున్నాయి. నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలలు నడిపే బోధనా భాషల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు కూడా ఉండటం ఈ వలస ఎంత పాతదో చెబుతుంది. మరమగ్గం మీద పనిచేసే కార్మికుడికి సాధారణంగా నేసిన మీటర్లను బట్టి కూలి, 12 గంటల షిఫ్టు. సొమ్ము చేతికి వచ్చేది పక్షానికో నెలకో ఒకసారి. కడుపుకు మాత్రం రోజూ కావాలి. ఈ రెంటి మధ్యనున్న ఎడాన్ని పూడ్చేది వీధి కొట్టులోని ఖాతా పుస్తకం.

చౌక ఎలా పుడుతుంది

రాధాకిషన్ దమానీ 2002లో ముంబయిలోని పొవాయ్‌లో తొలి డీమార్ట్‌ను తెరిచారు. 2025 మార్చి 31 నాటికి ఆ సంస్థకు 415 దుకాణాలు ఉన్నాయి. వాటిలో అధిక భాగం మహారాష్ట్ర, గుజరాత్, తెలుగు రాష్ట్రాలు, కర్ణాటకలలోనే. 2024-25లో మాతృసంస్థ అవెన్యూ సూపర్‌మార్ట్స్ సొంత ఆదాయం 57,790 కోట్ల రూపాయలు, నికర లాభం 2,927 కోట్లు. అంటే నూరు రూపాయల అమ్మకంలో మిగిలేది అయిదు రూపాయలు. ఇంత తక్కువ మిగులుతో ఇంత పెద్ద వ్యాపారం నిలబడిందంటే దాని కిటుకు దుకాణం అరల్లో లేదు, సరఫరాదారుకు చెల్లించే చెక్కులో ఉంది. ఇతర చిల్లర సంస్థలు నెలల తరబడి బాకీ పెట్టే చోట డీమార్ట్ కొద్ది రోజుల్లోనే సొమ్ము చెల్లిస్తుందన్నది వర్తక లోకమంతటికీ తెలిసిన విషయం. తొందరగా సొమ్ము అందుతుంది కాబట్టి తయారీదారు ధర తగ్గిస్తాడు. సూరత్ వస్త్ర వ్యాపారి ‘నగదు ధర’ అనేది దీన్నే.

రెండో సంగతి స్థలం. డీమార్ట్ తన దుకాణాల్లో చాలావాటిని సొంత స్థలంలోనే, లేదా దీర్ఘకాల లీజు మీదే నడుపుతుంది. అద్దె పెరుగుతుందన్న భయం లేదు. ఇందుకు పూర్తి విరుద్ధమైన దారిలో వెళ్లిన సంస్థ బిగ్ బజార్. కిశోర్ బియానీ 2001లో మొదలుపెట్టిన ఆ దుకాణాలు అద్దె భవనాల్లో, అప్పుల మీద విస్తరించాయి. 2022 ఫిబ్రవరిలో అద్దె బకాయిల కారణంగానే రిలయన్స్ వందలాది ఫ్యూచర్ దుకాణాలను స్వాధీనం చేసుకుంది. అదే ఏడాది జూలైలో ఫ్యూచర్ రిటైల్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. అంతకు ముందు చెన్నైలో పుట్టిన సుభిక్ష, దేశమంతటా 1,600 దాకా దుకాణాలు తెరిచి, 2009లో చేతిలో నగదు లేక కుప్పకూలింది. చౌకగా అమ్మడం ఎవరికైనా సాధ్యమే. అమ్మిన తరువాత కూడా నిలబడటానికి సొమ్ము ముందుగా చెల్లించగల స్తోమత కావాలి. అది ఉన్నవారు కొద్దిమంది.

మూడోది కొంత చమత్కారమైనది. ఈ దుకాణాల అమ్మకాల్లో సగానికి మించి తిండి సరుకులే అయినా, బట్టలు, గిన్నెలు, బకెట్లు, దుప్పట్ల వంటివి అయిదో వంతుకు కాస్త ఎక్కువగా ఉంటాయి. లాభం శాతం వీటి మీదే అధికం. పప్పు, నూనె కోసం లోపలికి వచ్చిన కుటుంబం ప్లాస్టిక్ డబ్బాల వరుస దాటకుండా బిల్లింగ్ కౌంటర్‌కు చేరడం కష్టం. పప్పు మీద మిగిలిన ముప్పై రూపాయలు, అక్కరలేని టిఫిన్ డబ్బాగా మారి ఇంటికి వస్తాయి. ఇందులో మోసమేమీ లేదు, బలవంతమూ లేదు. కానీ ఆదా లెక్క వేసేవారు బిల్లు చివర కనిపించే ‘మీరు ఆదా చేసిన మొత్తం’ అన్న వరుసను మాత్రమే చదవడం పొరపాటు. ఆ వరుస ముద్రించిన గరిష్ఠ చిల్లర ధర నుంచి తీసివేసిన లెక్క. గరిష్ఠ ధర అంటే చట్టం గీసిన పైగీత మాత్రమే. సరుకు అసలు విలువ కాదు. వీధి కొట్టులోనూ చాలా సరుకులు ఆ గీతకు కిందనే అమ్ముడవుతాయి. కాకపోతే అక్కడ ఆ సంగతిని అచ్చు వేసి ఇచ్చే యంత్రం ఉండదు.

రెండు వాకిళ్లు

అయినా ధర ఒక్కటే మనుషులను పెద్ద దుకాణానికి నడిపిస్తోందనుకుంటే పొరపడినట్లే. అక్కడి అనుభవంలో కౌంటర్ వెనుక కూర్చునే మనిషి లేడు. చేతిసంచికి ద్వారం దగ్గర సీలు వేస్తారు, ఆదివారం బిల్లు కోసం అరగంట నిలబడాలి, మోయడానికి సంచి కావాలంటే దానికి వేరే సొమ్ము. ఈ చేతిసంచుల వసూలు అనుచిత వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020 డిసెంబరులో బిగ్ బజార్ కేసులో తీర్పు చెప్పవలసి వచ్చింది. ఇన్ని చికాకులు ఉన్నా జనం వెళుతున్నారు. ఎందుకంటే సరుకును చేతితో తాకి, తేదీ చూసి, వద్దనుకుంటే తిరిగి అరలో పెట్టే స్వేచ్ఛ అక్కడ ఉంది. ఏ భాష వచ్చినా రాకున్నా ఫరవాలేదు. ఏ వీధి నుంచి వచ్చావు, ఎవరి అమ్మాయివి అని అడిగేవారు లేరు. శానిటరీ నాప్‌కిన్ల పొట్లాన్ని నల్ల కవరులో చుట్టి, గుట్టుగా అందించే కొట్టతని ముందు నిలబడవలసిన అవసరం లేకపోవడం ఎందరో ఆడవాళ్లకు పెద్ద ఊరట. దీన్ని కేవలం వినియోగ వ్యామోహంగా కొట్టిపారేసే విమర్శకులు ఎన్నడూ కౌంటర్‌కు అవతలి వైపు నిలబడి ఉండరు.

వీధి కొట్టును కీర్తించే రచనల్లో తరచు మరుగున పడే చేదు నిజం మరొకటి ఉంది. బాకీ ఉన్నవాడు తూకాన్ని ప్రశ్నించలేడు. బియ్యంలో నూకలు ఎక్కువగా ఉన్నాయని, నూనె పాతదని అనలేడు. నెల మొదట్లో పాత బాకీ సగమే తీర్చగలిగిన మనిషి ఆ వీధిలో తల దించుకునే నడుస్తాడు. వీలైతే పక్క సందులోంచి వెళతాడు. ఖాతా పుస్తకంలో వడ్డీ అన్న గడి ఉండదు. అది ధరలోనో, నాణ్యతలోనో, గౌరవంలోనో ఎక్కడో ఒకచోట వసూలవుతూనే ఉంటుంది.

ఇంతా చెప్పి, ఆ పుస్తకం లేని నాడు ఏమవుతుందో కూడా చూడాలి. ఒక ఉజ్జాయింపు లెక్క వేద్దాం; ఈ అంకెలు ఊహకు మాత్రమే. నెలకు 5,000 రూపాయల కిరాణా సరుకులు కొనే కుటుంబానికి పెద్ద దుకాణంలో నూటికి 8 చొప్పున 400 రూపాయలు మిగిలాయనుకుందాం. రానూపోనూ ఆటోకు 120 పోతే 280 మిగులు. అది చిన్న మొత్తం కాదు, పిల్లవాడి నోటు పుస్తకాల ఖర్చు. కానీ దాన్ని అందుకోవాలంటే నెల మొదటి వారంలో 5,000 ఒకేసారి చేతిలో ఉండాలి. ఇంటి అద్దె, ఊరికి పంపే సొమ్ము పోగా అంత మిగలని వాడికి, ఆ 5,000ను 15 రోజులకు బయట అప్పు తేవాలంటే నెలకు నూటికి అయిదు రూపాయల వడ్డీ మీద 125 రూపాయలు. అప్పుడు మిగిలేది 155. షిఫ్టు దిగి, సగం రోజు సెలవు పెట్టి వెళితే కూలి నష్టం ఆ 155ను మింగివేస్తుంది. కాబట్టి వీధి కొట్టుకు వెళ్లేవాడు లెక్క తెలియక వెళ్లడం లేదు. అతని లెక్కలో గడువుకూ విలువ ఉంది.

కొనగలిగినవారు ఒకేసారి కొని ఆదా చేయడం డీమార్ట్ నేర్పిన విద్య కాదు. గుజరాతీ గృహస్థులు వేసవిలో ఏడాదికి సరిపడా గోధుమలు కొని, పురుగు పట్టకుండా ఆముదం రాసి నిల్వ చేసుకోవడం పాత ఆచారం. అక్కడ వేరుశనగ నూనె ధరను ఇప్పటికీ 15 కిలోల డబ్బా లెక్కన చెప్పుకుంటారు. తెలుగు ఇళ్లలోనూ వేసవి వచ్చిందంటే కందిపప్పు, చింతపండు, ఎండుమిర్చి ఏడాదికి తెచ్చి ఎండబెట్టేవారు. ఆ డబ్బా కొనడానికి సొమ్ము, దాన్ని పెట్టుకోవడానికి చోటు ఉన్నవారికే ఆ ధర. నలుగురు కూలీలు షిఫ్టుల వారీగా పంచుకునే గదిలో గోధుమల పీపా ఎక్కడ పెట్టాలి?

చిన్న పొట్లం ఎప్పుడూ ఖరీదే అన్నది కూడా సంపూర్ణ సత్యం కాదు. తమిళనాడులోని కడలూరులో పుట్టిన షాంపూ సాచెట్ ఇందుకు ఉదాహరణ. చాలా రకాల్లో రూపాయి, రెండు రూపాయల పొట్లంలోని షాంపూ, అదే కంపెనీ సీసాలోని షాంపూ కంటే మిల్లీలీటరుకు చౌక. కోట్లాది పేదల బజారు కోసం కంపెనీలు పోటీపడిన చోట చిన్న పరిమాణమే చౌకగా మారింది. పప్పు, నూనెల్లో అటువంటి పోటీ లేదు. కిలోకో లీటరుకో ఎంత పడుతుందో పొట్లం మీద అచ్చు వేయాలని 2021లో తూనికలు, కొలతల నిబంధనలను సవరించారు. ఆ చిన్న అక్షరాలను చదివే అలవాటు మాత్రం ఇంకా ఎవరికీ రాలేదు.

తెలుగు నేలపై పాత పాఠం

ఈ పోరు తెలుగువారికి కొత్త కాదు. విజయవాడలో సహకార రంగంలోని విజయకృష్ణా సూపర్ బజార్ ఒక తరం మధ్యతరగతికి సరసమైన ధరకు మరో పేరు. హైదరాబాదులో 1986లో మొదలైన త్రినేత్ర, దక్షిణాదిన సూపర్‌మార్కెట్ అన్న మాటను వాడుకలోకి తెచ్చిన సంస్థల్లో ఒకటి. 2006లో రిలయన్స్ తన తొలి ‘ఫ్రెష్’ దుకాణాలను తెరవడానికి ఎంచుకున్న నగరం కూడా హైదరాబాదే. ఆ వెంటనే త్రినేత్ర ఆదిత్య బిర్లా గ్రూపు చేతుల్లోకి వెళ్లి ‘మోర్’ అయింది. హెరిటేజ్ ఫ్రెష్ దుకాణాలు దశాబ్దం తరువాత ఫ్యూచర్ సంస్థలో కలిశాయి, అటుపై ఫ్యూచరే మునిగిపోయింది. వీటన్నిటి నడుమ 1987 నాటి రత్నదీప్, ఆ తరువాత వచ్చిన విజేత వంటి స్థానిక సూపర్‌మార్కెట్లు నిలదొక్కుకున్నాయి.

అవి ఎలా నిలిచాయన్నదే ఆలోచించవలసిన విషయం. డీమార్ట్ ధర వాటికి సాధ్యం కాదు. కిరాణా కొట్టులా అరువు ఇవ్వవు. అవి అమ్మేది సమీపం. తాజా కూరగాయలు, ఆ పేటలో ఏ బియ్యం తింటారన్న తెలివిడి, ఫోను చేస్తే ఇంటికి పంపే సౌకర్యం. పెద్ద తగ్గింపు దుకాణాలు కూరలు, పాల జోలికి అంతగా వెళ్లవు. అక్కడ వృథా ఎక్కువ, మిగులు తక్కువ. జాతీయ కుటుంబ వినియోగ సర్వే 2023-24 ప్రకారం పట్టణాల్లో తలసరి నెల ఖర్చు 6,996 రూపాయలు. అందులో తిండికి పోయేది 39.68 శాతం. ఆ తిండి ఖర్చులోనూ పెద్ద వాటాలు పాలకు, పానీయాలకు, వండిన, శుద్ధి చేసిన పదార్థాలకే. అంటే నెలకోసారి ట్రాలీ నింపి ఆదా చేయగల భాగం ఇంటి బడ్జెట్‌లో మనం అనుకున్నంత పెద్దది కాదు. ఉధ్నా, లింబాయత్‌ల వంటి చోట్ల ఒక తెలుగు కొట్టు నిలబడాలంటే ఇదే దారి. సోనా మసూరి బియ్యం, మన కారం, మన ఆవకాయ, మన భాష. పెద్ద దుకాణం అరల్లో అరుదుగా దొరికే సరుకు ఈ చివరిది.

ఇక్కడ పన్నుల వ్యవస్థ కూడా ఒక చేయి వేసింది. 2022 జూలై 18 నుంచి ముందుగా పొట్లం కట్టి, ముద్ర వేసిన 25 కిలోల లోపు బియ్యం, పప్పు, పిండి మీద 5 శాతం జీఎస్టీ పడింది. గోనె విప్పి తూచి ఇచ్చే విడి సరుకు మీద లేదు. కాగితం మీద ఇది వీధి కొట్టుకు కలిసివచ్చే ఏర్పాటు. తెలుగు రాష్ట్రాల మిల్లర్లు వెంటనే 26 కిలోల బస్తాలు బజారులోకి తెచ్చారు. పన్ను తప్పింది. కానీ ఆ పన్ను తప్పించుకోవడానికీ 26 కిలోలు ఒకేసారి కొనగలిగి ఉండాలి. కిలో పొట్లం కొనేవాడు పన్ను కట్టాడు, బస్తా కొనేవాడు కట్టలేదు.

అసలు తగవు ఎక్కడ

2012 సెప్టెంబరులో కేంద్రం బహుళ బ్రాండ్ల చిల్లర వర్తకంలో 51 శాతం విదేశీ పెట్టుబడికి తలుపు తెరిచినప్పుడు, నిర్ణయాన్ని రాష్ట్రాలకు వదిలింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సరే అంది, గుజరాత్ వద్దంది. పార్లమెంటులో రోజుల తరబడి చర్చ సాగింది. వాల్‌మార్ట్ వస్తే కిరాణా కొట్లు మట్టి కొట్టుకుపోతాయని ఒక పక్షం, రైతుకు మంచి ధర వస్తుందని మరో పక్షం వాదించాయి. తీరా చూస్తే వాల్‌మార్ట్ పెద్ద దుకాణంతో రాలేదు. 2018లో ఫ్లిప్‌కార్ట్‌ను కొని ఫోను తెరలోంచి వచ్చింది. తగ్గింపు ధరల రాజ్యాన్ని కట్టింది స్వదేశీ సంస్థలే. ఎవరి సొమ్ము అన్న ప్రశ్న మీద అంత కాలం పోట్లాడిన మనం, ఎవరికి ఏ ధరకు సరుకు అందుతోందన్న ప్రశ్నను అడగలేదు.

ఆ ప్రశ్నను అడిగింది డిస్ట్రిబ్యూటర్లు. 2021 డిసెంబరులో అఖిల భారత వినియోగ వస్తువుల పంపిణీదారుల సమాఖ్య కంపెనీలకు లేఖ రాసింది. తమ ద్వారా కొట్లకు వెళ్లే సరుకు మీద మార్జిన్ 8 నుంచి 12 శాతం కాగా, జియోమార్ట్, మెట్రో, ఉడాన్ వంటి పెద్ద సంస్థలకు 15 నుంచి 20 శాతం ఇస్తున్నారన్నది వారి ఆరోపణ. మరుసటి నెలలో మహారాష్ట్ర పంపిణీదారులు కోల్గేట్, హిందుస్థాన్ యూనిలీవర్‌ల కొన్ని ఉత్పత్తుల సరఫరాను నిలిపివేశారు. చర్చలతో ఆ ఘర్షణ సద్దుమణిగింది, సమస్య మాత్రం తీరలేదు. కొట్టతను తన డిస్ట్రిబ్యూటర్ దగ్గర కొనే ధర కంటే పెద్ద దుకాణంలో చిల్లరగా అమ్మే ధర తక్కువగా ఉన్న సందర్భాలు లేకపోలేదు. అటువంటప్పుడు అతను చేసే పని ఒకటే. తానే వెళ్లి ఆ పెద్ద దుకాణంలో కొని తెచ్చి తన కొట్టులో అమ్ముతాడు.

ఎక్కువ పరిమాణం కొనేవాడికి, వెంటనే చెల్లించేవాడికి కొంత తగ్గింపు న్యాయమే. రవాణా ఖర్చు తగ్గుతుంది, బాకీ ఎగవేత భయం ఉండదు. ఆ న్యాయమైన తగ్గింపు ఎక్కడ ముగుస్తుంది, కేవలం పరిమాణం చూసి కంపెనీ లొంగిపోయిన తగ్గింపు ఎక్కడ మొదలవుతుంది అన్నదే అసలు తగవు. అమెరికా 1936లోనే రాబిన్సన్-ప్యాట్‌మన్ చట్టం పేరిట, ఒకే సరుకును పోటీదారులైన వర్తకులకు అకారణంగా వేర్వేరు ధరలకు అమ్మకూడదని శాసించింది. దశాబ్దాలుగా మూలన పడిన ఆ చట్టాన్ని దుమ్ము దులిపి 2025 జనవరిలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పెప్సీ మీద దావా వేసింది. ప్రభుత్వం మారాక మే నెలలో దాన్ని ఉపసంహరించుకుంది. మన పోటీ చట్టం 2002లో వివక్షతో కూడిన ధర నిషిద్ధమే, కానీ మార్కెట్‌లో ఆధిపత్యం ఉన్న సంస్థ విషయంలో మాత్రమే. లక్షల కోట్ల చిల్లర వర్తకంలో ఏ ఒక్క సంస్థనూ ‘ఆధిపత్యం’ అన్న నిర్వచనంలో ఇరికించడం దాదాపు అసాధ్యం. ఈ ఖాళీని పూడ్చకుండా కిరాణా కొట్లను కాపాడతామనే ప్రకటనలకు విలువ లేదు.

ఇంతలో పది నిమిషాల్లో ఇంటికి సరుకు తెచ్చే సంస్థలు వచ్చిపడ్డాయి. ఒక్క ఏడాదిలో 2 లక్షల కిరాణా కొట్లు మూతపడ్డాయని పైన చెప్పిన సమాఖ్యే 2024లో అంచనా వేసింది. అది ప్రభుత్వ గణాంకం కాదు. దేశంలో కోటికి పైగా కొట్లు ఉన్నాయన్న సంగతితో కలిపి చూడాలి. అయినా ఆ సంస్థలు ముందుగా లాక్కుంటున్నది ఎవరినన్నది ముఖ్యం. వెంటనే చెల్లించే, బాకీ పెట్టని, నెలనెలా పద్ధతిగా కొనే ఖాతాదారులను. కొట్టు గల్లాలో నగదు నింపేది వీరే. ఆ నగదు బలం మీదనే కొట్టతను మిగిలినవారికి అరువు ఇవ్వగలడు. డీమార్ట్ నెలవారీ సరుకును తీసుకుపోగా, పది నిమిషాల సంస్థలు హఠాత్తుగా అవసరమయ్యే సరుకును తీసుకుపోతే, కొట్టుకు మిగిలేది బాకీదారులు. బాకీదారులతో మాత్రమే ఏ కొట్టూ నడవదు.

ఆ కొట్టు మూతపడితే మరమగ్గం కార్మికుడికి ఉన్న ప్రత్యామ్నాయాలు రెండు. ఒకటి రేషన్ దుకాణం. ‘ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు’ పథకాన్ని 2019 ఆగస్టులో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన రాష్ట్రాల జంటలు తెలంగాణ-ఆంధ్రప్రదేశ్, గుజరాత్-మహారాష్ట్ర. 2022 నాటికి అది దేశమంతటికీ విస్తరించింది. జాతీయ ఆహార భద్రత చట్టం కిందికి వచ్చే కార్డు ఉంటే, సిరిసిల్ల నుంచి వచ్చిన కుటుంబం సూరత్‌లోనూ తలకు 5 కిలోల ధాన్యం ఉచితంగా పొందవచ్చు. పెద్ద ఊరటే, కాదనలేం. కాని ఆ 5 కిలోలలో పప్పు లేదు, నూనె లేదు, సబ్బు లేదు. రెండో ప్రత్యామ్నాయం ఫోనులో నిమిషాల్లో అప్పు ఇచ్చే యాప్. దాని వడ్డీ గడి ఖాళీగా ఉండదు.

2021 జూలైలో చిల్లర, టోకు వర్తకులను కేంద్రం సూక్ష్మ, చిన్న సంస్థల జాబితాలో చేర్చింది. ప్రాధాన్య రంగ రుణాల మేరకు మాత్రమే అని షరతు పెట్టింది. దాంతో సూరత్ నేతగానికి 45 రోజుల్లో సొమ్ము రావాలన్న రక్షణ ఉంది, అదే నేతగానికి నెల రోజులు అరువు పెట్టే కొట్టతనికి లేదు. వీధి బండ్లవారికి 2020 నుంచి పీఎం స్వనిధి కింద హామీ అక్కరలేని చిన్న రుణాలు అందుతున్నాయి. కొట్టతను ముద్ర రుణానికి వెళ్లవచ్చు. అక్కడ బ్యాంకు అడిగేది పన్ను రిటర్నులు, ఖాతా లావాదేవీలు. అతని దగ్గర ఉన్న ఏకైక ఆస్తి, ఎవరు ఎంత బాకీ ఉన్నారో, ఏ నెల ఎవరు ఎంత తీర్చారో ఏళ్ల తరబడి రాసుకున్న పుస్తకం. తిరిగి చెల్లించే గుణాన్ని కొలవడానికి అంతకంటే నమ్మదగిన పత్రం ఖటోదరా సందుల్లో మరొకటి దొరకదు. దాన్ని చదివి అప్పు ఇచ్చే పద్ధతిని మాత్రం ఏ బ్యాంకూ ఇంకా నేర్చుకోలేదు.